శ్రమవేళ హృదయధమనులు

పాఠశాల క్రీడాస్థలమున పరుగుపందెము ముగించిన బాలుడు రొప్పుచు నిలుచుండును. వాని రొమ్ముపై చేయి యుంచినచో గుండె దడదడ కొట్టుకొనుచుండుట తెలియును. కొన్ని నిమిషములు గడచిన పిదప ఆ వేగము తగ్గి గుండె యథాస్థితికి వచ్చును. ఇది మనమందరము ఎరిగినదే. కాని వయసు మీరిన వారిలో కొందరు పది మెట్లు ఎక్కగనే రొమ్ము పట్టుకొని నిలిచిపోవుదురు. కూర్చుండియున్నంతసేపు వారికి ఏ బాధయు లేదు. నడక సాగించిన నొప్పి పుట్టును, నిలిచిన తగ్గును. ఒకరి గుండెకు ఉల్లాసమును కలిగించు శ్రమ మరియొకరి గుండెకు ఆపదను తెచ్చుచున్నది. ఈ భేదమునకు కారణమేమి? అది గుండెకు రక్తము నందించు సన్నని నాళములలో నున్నది. వానికి హృదయధమనులని పేరు. వైద్యులు వానిని కరోనరీ ధమనులందురు.

ముందుగా గుండె చేయు పని ఎంతటిదో తెలిసికొందము. గుండె పిడికిలి యంత పరిమాణము గల కండరము. పెద్దవారిలో దాని బరువు సుమారు 300 గ్రాములు. అది విశ్రాంతివేళ నిమిషమునకు సుమారు 70 మారులు, దినమునకు సుమారు లక్ష మారులు ముడుచుకొనుచు విప్పారుచుండును. నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును దేహమునకు పంపును. మన శరీరమున నున్న మొత్తము రక్తము దాదాపు అంతే. ఆ రక్తము గుండెనుండి బయలుదేరి దేహమంతయు తిరిగి మరల గుండెనే చేరుచున్నదని 1628లో విలియం హార్వే అను ఆంగ్ల వైద్యుడు తన గ్రంథమున నిరూపించెను. పరుగెత్తునప్పుడు కాళ్ల కండరములకు ప్రాణవాయువు మిక్కిలిగా కావలెను. అప్పుడు ఆరోగ్యవంతుడైన యువకుని గుండె నిమిషమునకు 20 లీటర్ల వరకు రక్తమును పంపగలదు. అనగా నాలుగు రెట్ల పని.

ఇచట ఒక ప్రశ్న పుట్టుచున్నది. దేహమంతటికి రక్తమును పంచిపెట్టు గుండెకు రక్తమెచట లభించును? దాని గదులలో ఎల్లప్పుడు రక్తము నిండియే యున్నది గదా, ఆ రక్తముతోనే అది బ్రతుకుచున్నదని కొందరు తలంతురు. అది సరికాదు. గుండె గోడలు దళసరియైనవి. గదులలోని రక్తము ఆ గోడల లోతులకు ఇంకిపోజాలదు. నిండు చెరువు గట్టుపై నున్న పొలమునకు సైతము కాలువ తవ్వినగాని నీరు పారదు. అట్లే గుండె కండరమునకును ప్రత్యేకముగా కాలువలు కలవు. గుండెనుండి వెలువడు మహాధమని మొదటనే రెండు ధమనులు చీలి, గుండె పైభాగమున ఇరువైపుల అల్లుకొని, కొమ్మలు రెమ్మలుగా విడిపోయి కండరములోనికి చొచ్చుకొనిపోవును. అవియే హృదయధమనులు. వాని వెడల్పు మొదటి భాగమున సుమారు 3 మొదలు 4 మిల్లీమీటర్లు మాత్రమే. విశ్రాంతివేళ ఆ రెండింటి గుండా నిమిషమునకు సుమారు పావు లీటరు రక్తము ప్రవహించును.

ఈ ధమనులకు ఒక విచిత్ర లక్షణము కలదు. తక్కిన అవయవములకు గుండె ముడుచుకొనునప్పుడు రక్తము ఉరవడిగా పోవును. కాని ముడుచుకొనిన కండరము తనలోనున్న నాళములను తానే నొక్కివేయును. కావున గుండె ఎడమభాగమునకు చాలవరకు రక్తము అది విప్పారి విశ్రమించిన క్షణములందే లభించును. గుండె వేగముగా కొట్టుకొనుకొలది ఆ విశ్రాంతిక్షణములు కుదించుకొనిపోవును. పని పెరిగిన కొలది భుజించుటకు తీరిక తగ్గినట్లన్నమాట.

మరియొక కష్టము కలదు. విశ్రాంతిగా నున్నప్పుడు మన దేహము తనకు చేరు ప్రాణవాయువులో సుమారు నాలుగవ పాలు మాత్రమే వాడుకొనును. తక్కిన మూడు పాళ్లు రక్తములోనే నిలువయుండును. కాళ్ల కండరములకు పని పెరిగినప్పుడు అవి ఆ నిలువనుండి మరికొంత తీసికొనగలవు. గుండె సంగతి అట్లు కాదు. అది విశ్రాంతివేళనే తనకు వచ్చిన ప్రాణవాయువులో దాదాపు మూడు పాళ్లు తీసికొనివేయును. మిగులు అత్యల్పము. కావున గుండెకు పని పెరిగినప్పుడు ఉన్న రక్తమునుండి ఎక్కువ ప్రాణవాయువును పిండుకొను అవకాశము చాల తక్కువ. ఎక్కువ రక్తము రావలసినదే. వేరు మార్గము లేదు. ఈ ఒక్క నియమము తెలిసికొనినచో హృద్రోగమును గూర్చిన అనేక విషయములు తేటపడును.

ఆరోగ్యముగల హృదయధమనులు ఈ అవసరమును చక్కగా తీర్చును. శ్రమవేళ అవి విప్పారి, విశ్రాంతివేళ కంటె నాలుగైదు రెట్ల రక్తమును పంపగలవు. ఇది జరుగు విధానము చూడదగినది. కండరము కష్టించి పనిచేయునప్పుడు దానినుండి కొన్ని పదార్థములు వెలువడును. వాని ప్రభావమున కండరములో నున్న అతి సన్నని నాళములు ముందుగా వెడల్పగును. పంటకాలువల తూములు తెరచినప్పుడు పెద్దకాలువలో నీటి వడి హెచ్చినట్లు, సన్నని నాళములు తెరచుకొనగనే పెద్ద ధమనిలో రక్తప్రవాహము హెచ్చును. ఆ ప్రవాహపు ఒరిపిడి ధమని లోపలిగోడకు తగులును. అంతట పెద్ద ధమనియు విప్పారును. అనగా ధమని నీటి గొట్టము వంటి జడపదార్థము కాదు. అది ప్రవాహమును గుర్తించి, తదనుగుణముగా తన వెడల్పును మార్చుకొను సజీవ నిర్మాణము.

ధమని గోడలో ప్రధానముగా మూడు పొరలు కలవు. వెలుపలి పొర రక్షణకొరకు ఉన్నది. నడిమి పొర కండరము. అది బిగిసిన ధమని సన్నబడును, సడలిన వెడల్పగును. లోపలి పొర ఒకే వరుస కణములతో ఏర్పడినది. చాలకాలము వరకు ఈ లోపొర గోడకు వేసిన నున్నని పూత వంటిదే యని శాస్త్రజ్ఞులు తలంచిరి. 1980లో అమెరికా దేశమున రాబర్ట్ ఫర్చ్‌గాట్ అను శాస్త్రజ్ఞుడు ఆ అభిప్రాయమును మార్చివేసెను. ఆయన కుందేలు మహాధమనినుండి తీసిన ముక్కలపై ఎసిటైల్‌కోలిన్ అను పదార్థమును ప్రయోగించెను. లోపొర చెక్కుచెదరక యున్న ముక్కలు సడలినవి. లోపొర ఒరిసిపోయిన ముక్కలు సడలకపోగా, బిగిసినవి. పదార్థమొకటే, ఫలితములు రెండు. దీనినిబట్టి లోపొరయే ఏదో యొక సందేశమును పంపి నడిమి కండరమును సడలించుచున్నదని ఆయన గ్రహించెను.

ఆ సందేశమును కొనిపోవునది నైట్రిక్ ఆక్సైడు అను వాయువని తరువాతి సంవత్సరములలో తేలినది. మోటారు వాహనముల పొగలో నుండు ఈ వాయువు మన రక్తనాళములందు ప్రాణరక్షకముగా పనిచేయుట అందరికి ఆశ్చర్యము గొలిపినది. ఈ పరిశోధనలకుగాను రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్ అను మువ్వురికి 1998లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

ఇందు మరియొక చిత్రము కలదు. నైట్రోగ్లిసరిన్ అను ప్రేలుడు ద్రవమునుండి డైనమైటును తయారుచేసి 1867లో హక్కుపత్రమును పొందినవాడు ఆల్ఫ్రెడ్ నోబెల్. అదే నైట్రోగ్లిసరిన్ అతిస్వల్పమాత్రలో గుండెనొప్పిని తగ్గించునని 1879లో విలియం ముర్రెల్ అను లండను వైద్యుడు ప్రకటించెను. కాలక్రమమున నోబెలునకే హృద్రోగము కలిగినది. వైద్యులు ఆయనకు ఆ మందునే వ్రాసియిచ్చిరి. ఇది విధివిలాసమని ఆయన 1896లో ఒక మిత్రునకు వ్రాసెను. ఆ మందు దేహమున నైట్రిక్ ఆక్సైడును వెలువరించి నాళములను సడలించుచున్నదను రహస్యము మాత్రము ఆయన మరణించిన ఎనుబది యేండ్లకు గాని తెలియలేదు.

ధమని కొంచెము వెడల్పగుట వలన అంత లాభమేమి యని అడుగవచ్చును. దీనికి గణితము సమాధానము చెప్పును. 19వ శతాబ్దమున పాయిజీ అను ఫ్రెంచి వైద్యుడు సన్నని గొట్టములలో ద్రవముల ప్రవాహమును పరీక్షించి ఒక సూత్రమును కనుగొనెను. పీడనము మారకున్నచో ప్రవాహము గొట్టపు వ్యాసార్ధముయొక్క నాలుగవ ఘాతమును అనుసరించి యుండును. వ్యాసార్ధము సగమైనచో ప్రవాహము సగము కాదు, పదునారవ వంతగును. వ్యాసార్ధము పదింట ఒక పాలు పెరిగినచో ప్రవాహము దాదాపు ఒకటిన్నర రెట్లగును. సజీవమైన ధమనిలో ఈ లెక్క అక్షరాల సరిపోకున్నను, వెడల్పులో స్వల్పమైన మార్పు ప్రవాహములో పెద్ద మార్పును తెచ్చునను సారము సత్యమే.

ఇక రోగగ్రస్తమైన ధమని సంగతి చూతము. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహము, రక్తమున కొలెస్టరాలు అధికమగుట, ఇవి ధమని లోపొరను గాయపరచును. గాయపడిన చోట కొవ్వు పదార్థములు గోడలోనికి చేరి పేరుకొనును. ఏండ్లు గడచిన కొలది అచట మెత్తని కొవ్వును, దానిపై గట్టి పొరయు ఏర్పడి, కొన్నిచోట్ల సున్నపు పదార్థము చేరి, ధమని గరుకై బిరుసెక్కును. ఇది వృద్ధాప్యమున హఠాత్తుగా వచ్చు వ్యాధి యని తలంపరాదు. కొరియా యుద్ధమున మరణించిన 300 మంది అమెరికా సైనికుల హృదయములను వైద్యులు పరీక్షించి 1953లో ఫలితములను ప్రకటించిరి. ఆ సైనికుల సగటు వయసు 22 సంవత్సరములు. వారిలో నూటికి 77 మంది హృదయధమనులలో ఈ వ్యాధి చిహ్నములు ఎంతో కొంత కనిపించినవి. వారెవ్వరును రోగులు కారు. యుద్ధమునకు తగిన దృఢకాయులని ఎంచి తీసికొనిన యువకులు. అనగా ఈ వ్యాధికి బీజము బాల్యయౌవనములందే పడుచున్నది.

బీజము అంత త్వరగా పడినను చాలకాలము ఏ బాధయు తోపకుండుటకు కారణమేమి? హృదయధమనులకు ప్రకృతి ఇచ్చిన అదనపు శక్తియే కారణము. ధమని సుమారు సగము వెడల్పు తగ్గిన పిదపనే శ్రమవేళ పోవలసిన గరిష్ఠ ప్రవాహము తగ్గ నారంభించుననియు, విశ్రాంతివేళ ప్రవాహము తగ్గవలెనన్న సుమారు నూటికి 85 పాళ్లు మూసుకొనిపోవలెననియు 1974లో కుక్కలపై జరిపిన ప్రయోగములవలన తెలిసినది.

దీనిని మరల కాలువ ఉపమానముతో గ్రహింపవచ్చును. పెద్దకాలువలో పూడిక చేరినది. నీటిరాక తగ్గినది. అప్పుడు రైతులు దిగువనున్న తూములను మామూలుకంటె ఎక్కువగా తెరచి పొలములకు చాలినంత నీరు పారించుకొందురు. పైరు పచ్చగనే యుండును. చూచువారికి లోపమేమియు కనబడదు. కాని మండువేసవి వచ్చి పైరునకు రెండింతల నీరు కావలసినప్పుడు తెరచుటకు తూములు మిగిలియుండవు. అన్నియు ముందే తెరచియున్నవి. పైరు వాడిపోవును. రోగగ్రస్తమైన హృదయధమని విషయమున జరుగునది ఇదియే. పెద్ద ధమని సన్నబడిన కొలది దిగువనున్న సన్నని నాళములు విశ్రాంతివేళనే విప్పారి లోటును పూడ్చుచుండును. శ్రమవేళకు దాచవలసిన శక్తి విశ్రాంతివేళనే వ్యయమైపోవును. మెట్లు ఎక్కునప్పుడు గుండె ఎక్కువ రక్తమును కోరును. ధమని ఇయ్యజాలదు. ప్రాణవాయువు చాలని కండరము నొప్పిరూపమున మొరపెట్టుకొనును.

కష్టము ఇంతటితో తీరలేదు. గాయపడిన లోపొర నైట్రిక్ ఆక్సైడును చాలినంత తయారుచేయజాలదు. 1986లో అమెరికాలోని బోస్టను నగరపు వైద్యులు రోగుల హృదయధమనులలోనికి ఎసిటైల్‌కోలినును స్వల్పముగా పంపి, ఎక్స్‌రే చిత్రములు తీసిరి. ఆరోగ్యముగా నున్న ధమనులు వెడల్పైనవి. రోగగ్రస్తమైనవి ముడుచుకొనినవి. ఫర్చ్‌గాట్ కుందేలు ధమనిలో చూచినదే మనుష్యుని గుండెలోను కనబడెను. 1989లో ప్రకటించిన మరియొక పరిశోధనలో రోగులచేత పరుండియుండగనే సైకిలు తొక్కించి ధమనుల చిత్రములు తీసిరి. నున్నగా నున్న ధమనీభాగములు శ్రమవేళ విప్పారినవి. గరుకెక్కిన భాగములు విప్పారుటకు మారుగా ముడుచుకొనినవి. అవసరము హెచ్చినప్పుడు ద్వారము తెరువవలసిన కావలివాడే దానిని మూసివేసినట్లు జరుగుచున్నదన్నమాట.

దేహశ్రమ యొక్కటే గాక మనఃక్షోభయు ఇట్టి ఫలితమునే ఇచ్చును. 1991లో ప్రకటించిన ఒక పరిశోధనలో రోగులను తొందరపెట్టుచు నోటిలెక్కలు చేయించిరి. అప్పుడును ఆరోగ్యముగల ధమనులు ముడుచుకొనలేదు, రోగగ్రస్తమైనవి ముడుచుకొనినవి. కోపము, భయము, ఆందోళన గుండెకు కీడు చేయునని పెద్దలు చెప్పు మాటకు ఇట్లు ప్రత్యక్ష నిదర్శనము లభించెను.

ఈ నొప్పిని మొదటిసారి విపులముగా వర్ణించిన కీర్తి విలియం హెబర్డెన్ అను ఆంగ్ల వైద్యునిది. ఆయన 1768లో లండను వైద్యుల కళాశాలలో ఒక వ్యాసమును చదివెను. నడచునప్పుడు, ముఖ్యముగా ఎత్తునకు ఎక్కునప్పుడు, అందును భోజనానంతరము, రొమ్మున బిగబట్టినట్టి బాధ పుట్టి, నిలువగనే మాయమగుచున్నదని ఆయన వ్రాసెను. నేటి వైద్యగ్రంథములలోని వర్ణనయు దీనికి భిన్నము కాదు. అయితే ఆ బాధకు మూలము హృదయధమనులని ఆయన ఎరుగడు.

ఆ మూలమును గ్రహించిన వారిలో ఒకడు ఎడ్వర్డ్ జెన్నర్. మశూచికమునకు టీకాను ప్రచారమునకు తెచ్చిన జెన్నరే ఇతడు. ఇట్టి బాధతో మరణించిన వారి శరీరములను పరీక్షించినప్పుడు హృదయధమనులు గట్టిపడియుండుటను ఇతడు గమనించెను. అప్పుడు ఇతని గురువగు జాన్ హంటరునకు ఆ నొప్పి వచ్చుచుండెను. ఈ సంగతి వెల్లడించిన గురువు మనస్సు నొచ్చునని జెన్నర్ దానిని బహిరంగముగా ప్రకటింపలేదు. హంటర్ గొప్ప శస్త్రవైద్యుడు, కాని ముక్కోపి. తనకు కోపము తెప్పింప దలచిన వాని చేతిలోనే తన ప్రాణమున్నదని ఆయన తానే చెప్పుచుండెడివాడట. 1793 అక్టోబరు 16న లండనులో సెయింట్ జార్జి వైద్యశాల పాలకుల సభలో వాగ్వాదము జరిగినది. హంటర్ కోపమును దిగమ్రింగుకొని పక్కగదిలోనికి పోయి, అచటనే కూలి మరణించెను. తరువాత పరీక్షింపగా ఆయన హృదయధమనులు గట్టిపడి బిరుసెక్కియుండెను. శిష్యుని అనుమానము నిజమైనది.

విశ్రాంతివేళ దాగియుండు వ్యాధి శ్రమవేళ బయటపడును గనుక, వైద్యులు ఆ లక్షణమునే పరీక్షకు సాధనముగా చేసికొనిరి. అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1963లో ప్రకటించిన పద్ధతి నేటికిని అనేక వైద్యశాలలలో వాడుకలో నున్నది. కదలుచుండు పట్టీపై రోగిని నడిపింతురు. మూడేసి నిమిషములకు ఒక మారు పట్టీ వేగమును, ఏటవాలును పెంచుదురు. ఆ సమయమున గుండెనుండి పుట్టు విద్యుత్ప్రవాహమును ఈ.సి.జి. యంత్రము కాగితముపై గీయుచుండును. కండరమునకు రక్తము చాలనిచో ఆ గీత తీరు మారును. దీనినే ట్రెడ్‌మిల్ పరీక్ష యందురు. ఇది వైద్యుని సమక్షముననే జరుగవలెను. నొప్పి తోచగనే నిలిపివేయుదురు. కూర్చుండబెట్టి తీసిన ఈ.సి.జి. బాగున్నంత మాత్రమున హృదయధమనులు బాగున్నవని నిశ్చయింపరాదని దీనివలన తెలియుచున్నది.

ఇంతవరకు చదివిన వారికి, శ్రమయే గుండెకు శత్రువని తోచవచ్చును. సత్యము దానికి విరుద్ధము. లండను నగరమున రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని జెరెమీ మారిస్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1953లో ఫలితములను ప్రకటించెను. సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల వివరములను ఆయన సేకరించెను. డ్రైవర్లు దినమంతయు కూర్చుండియుందురు. కండక్టర్లు టికెట్ల కొరకు దినమునకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుచుందురు. కండక్టర్లలో హృద్రోగము తక్కువగాను, వచ్చినను తీవ్రత తక్కువగాను ఉండెను. డ్రైవర్లు ఉద్యోగమున చేరునాటికే స్థూలకాయులు గదా యను సందేహము వచ్చినప్పుడు మారిస్ వారి ఉడుపుల కొలతలను సైతము పరిశీలించి, ఆ భేదము కొంత యున్నదని ఒప్పుకొనెను. అటుపిమ్మట జరిగిన అనేక పరిశోధనలు మాత్రము దేహశ్రమ గుండెకు మేలు చేయునను సిద్ధాంతమునే బలపరచినవి.

శ్రమ మేలు చేయు విధమును గూడ నేడు కొంత తెలిసికొంటిమి. రక్తప్రవాహపు ఒరిపిడి తగిలినప్పుడెల్ల లోపొర నైట్రిక్ ఆక్సైడును వెలువరించుననుట పైన చూచితిమి. ప్రతిదినము ఇట్లు జరుగుచుండిన ఆ శక్తి వృద్ధి యగును. జర్మనీ దేశపు లైప్‌జిగ్ నగరమున 19 మంది హృద్రోగులపై జరిపి 2000లో ప్రకటించిన పరిశోధనలో కొందరిచేత నాలుగు వారములు వైద్యుల పర్యవేక్షణలో వ్యాయామము చేయించిరి. మునుపు ఎసిటైల్‌కోలినునకు ముడుచుకొను ధమనులు వ్యాయామము చేసినవారిలో దాదాపు సగము మాత్రమే ముడుచుకొనినవి. హెబర్డెన్ సైతము తన అనుభవములలో ఒక రోగిని పేర్కొనెను. అతడు ప్రతిదినము అరగంట కట్టెలు కోయుచు దాదాపు స్వస్థుడయ్యెనట. ఆ నాటి వైద్యునకు కారణము తెలియదు. నేడు కొంతవరకు మనకు తెలిసినది. అయితే నొప్పిగలవారు వైద్యుని సలహా లేక తమంత తాము కఠినశ్రమకు పూనుకొనరాదు.

శ్రమవేళ వచ్చి విశ్రాంతిచే తగ్గు నొప్పి వేరు, గుండెపోటు వేరు. ధమనిలోని కొవ్వు గడ్డపై పొర చిట్లినప్పుడు అచట రక్తము గడ్డకట్టి దారి హఠాత్తుగా మూసికొనిపోవును. అంతకుముందు ధమని అంతగా సన్నబడకున్నను ఇట్లు జరుగవచ్చును. అప్పుడు విశ్రాంతి తీసికొనినను నొప్పి తగ్గదు. రొమ్ముపై బరువు పెట్టినట్లుండి, ఆ బాధ ఎడమచేతికో మెడకో దవడకో ప్రాకును. చెమటలు పట్టును. ఆయాసము, వికారము కలుగును. స్త్రీలలోను మధుమేహము గలవారిలోను రొమ్మునొప్పి స్పష్టముగా లేక, ఆయాసమో విపరీతమైన నీరసమో మాత్రమే కనబడవచ్చును. దీనిని అజీర్ణమనియో వాయువనియో తలంచి కాలయాపన చేయుట ప్రమాదకరము. రక్తము అందని కండరము నిమిషనిమిషమునకు చచ్చుచుండును. చచ్చిన కండరము మరల మొలవదు. ఇట్టి స్థితిలో నున్నవారిని నడిపింపరాదు. కూర్చుండబెట్టి, వెంటనే 108కి ఫోను చేసి, వైద్యశాలకు చేర్పవలెను. ఇంటిలో పెద్దలు లేని వేళ ఈ పని ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలును చేయగలరు.

హృదయధమని మన కంటికి కనబడదు. విశ్రాంతివేళ తన లోపమును చెప్పుకొనదు. అది దినదినము మనము చేయు పనులను మాత్రము మరువదు. పొగాకును దరిచేరనీయక, ఉప్పు నూనెలను మితముగా వాడుచు, ఆటపాటలతో దేహమునకు ప్రతిదినము పని కల్పించువారి ధమనులు పెద్ద వయసున సైతము అవసరమునకు విప్పారు శక్తిని చాలవరకు నిలుపుకొనును. పెద్దలలో ఎవరైన మునుపటి దూరము నడువలేక నడుమ నడుమ నిలుచుచు, ముసలితనమని సరిపెట్టుకొనుచున్నచో, వారిని వైద్యుని చెంతకు పొమ్మని ప్రోత్సహింపవలెను. శ్రమవేళ వచ్చిన ఆ చిన్న నొప్పి, సకాలమున వినిపించుకొనినచో, ఒక నిండు ప్రాణమును కాపాడగల హెచ్చరిక.